నాయన పాలికి వచ్చిన మునసబీ

తిరుపతిలో మా వీధిలోకి పొద్దున్నే ఒక ఆటో వస్తుంది. దాని నెత్తిన మైకు. అందులోంచి ఒక ఆడగొంతు, ఇంటిపన్ను కట్టండి, కుళాయి పన్ను కట్టండి, తడిచెత్త వేరు పొడిచెత్త వేరు అని చెప్పుకుంటూ పోతుంది. ఎండైనా వానైనా ఆ గొంతు మారదు, దగ్గదు, ఒక గుక్క నీళ్ళు అడగదు. మొన్న మా ఎదురింట్లో పెద్దాయన పోయాడు. వాకిట్లో పడుకోబెట్టి అందరూ ఏడుస్తున్నారు. ఆటో వచ్చింది, వాళ్ళ మధ్యలోనే పన్ను అడిగింది, పోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే మా ఊరి తలారి గుర్తుకు వచ్చాడు. దండోరా వేసుకుంటూ వచ్చేవాడు, చావు ఇల్లు కనబడితే తప్పెటను చంకలో పెట్టుకుని తల వంచుకుని దాటిపోయి, వీధి మలుపు తిరిగాక మళ్ళీ మొదలుపెట్టేవాడు. సర్కారు మాటకు కూడా ఆ మాత్రం ఆగడం తెలిసిన కాలం అది. అంతకు మించి ఆ కాలాన్ని నేను పొగడను. దానివల్ల మా ఇల్లు ఏమైందో నాకు తెలుసు.

మా ఊరు ఐరాల పక్కన. చెరుకు, మామిడి, మేం చెనక్కాయలనే వేరుశనగ పండే ఊరు. మా తాత ఆ ఊరికి మునసబు. ఇప్పటి పిల్లలకు ఆ మాటే తెలియదు కాబట్టి చెబుతున్నాను. శిస్తు వసూలు చేసేవాడు, చావూ పుట్టుకా రాసుకునేవాడు, తగాదా వస్తే తీర్పు చెప్పేవాడు, అవసరమైతే పోలీసులకు కబురు పంపేవాడు, అన్నీ మునసబే. లెక్కలు రాయడానికి పక్కన కరణం. ఊరికి కేక వేసి చెప్పడానికి తలారి. తెల్లదొరలు చేసిన ఏర్పాటు అది. దొరలు పోయినా ఏర్పాటు పోలేదు. తండ్రి తర్వాత పెద్దకొడుకు, వాడి తర్వాత వాడి పెద్దకొడుకు. తాతకు వాళ్ళ నాయన నుంచి వచ్చింది, తాత నుంచి మా నాయనకు రావాలి. ఇందులో అనుమానపడాల్సింది ఏముందని మా ఇంట్లో ఎవరూ ఏనాడూ అనుకోలేదు.

మునసబు కూర్చుని పని చేసే చావడి మా ఇంటిని ఆనుకునే ఉండేది. లోపలికి అడుగు పెడితే గబ్బిలాల వాసన, సిరా వాసన, తాత నమిలే పొగాకు వాసన. శిస్తు రోజుల్లో వీటికి తోడు, పంట అమ్ముడుపోక వాయిదా అడగడానికి వచ్చి గోడ పక్కన నిలబడ్డవాళ్ళ చెమట వాసన. ఇంటి వెనకవైపు నుంచి మాత్రం బెల్లం వాసన వచ్చేది. మాకు సొంత గానుగ ఉండేది, ఆయిలింజనుతో ఆడే గానుగ. అది ఆడుతుంటే ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడదు. మా అవ్వ ఉప్పు అడిగితే నేను చెంబు తెచ్చిచ్చిన రోజులున్నాయి.

వాళ్ళ నాయన తర్వాత తాతకు మునసబీ ఉత్తర్వు ఇచ్చింది దొరే. ఆ కథ తాత ఏటా చెప్పేవాడు, ఏటా మారేది. ఒక ఏడు దొర గుర్రం దిగి భుజం తట్టాడు. మరుసటి ఏడు చెయ్యి కలిపాడు. నాకు బాగా జ్ఞాపకమున్న ఏడు మాత్రం దొర తన డబ్బాలోంచి బిస్కెత్తు తీసి ఇచ్చాడు. అవ్వ తమలపాకు ఈనె తీస్తూ వింటూ ఉండేది.

"దొర యాడ, బిస్కెత్తు యాడ! మామిడి తోపులో డేరా ఏసుంటే, డేరా బయట గుమాస్తా ముందర చేతులు కట్టుకోని పొద్దు గూకేదాకా నిలబడినాడు మీ తాత. దొరను కండ్లారా సూసింది ల్యా," అని నవ్వేది.

"నీకేమి తెలుసుమే," అనేవాడు తాత. "కార్వేటినగరం రాజులు పోయినారు. దొరలు పోయినారు. మునసబు పోయినాడా? పోడు. ఊరుండేదాకా ఉంటాడు."

ఆ నమ్మకంతోనే ఆయన మా నాయనకు బడి మాన్పించాడు. నాయన బాగా చదివేవాడట. దస్తూరీ అచ్చు వేసినట్టు ఉండేది. అయ్యవారు ఇంటికి వచ్చి, పిల్లోడు ఇంకా రెండు మూడేళ్ళు చదివితే పెద్ద పరీక్ష పాసవుతాడని బతిమాలితే, "మునసబయ్యేవానికి ఇంతకంటే ఏం కావాలప్పా?" అని తాత ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపాడట. అప్పటినుంచి నాయన చావడిలో తాత పక్కన కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. నాకు ఊహ తెలిసేనాటికి చావడి పని మొత్తం నాయనదే. పేరు తాతది.

ఆ వైభవం ఎట్లాంటిదో చెప్పాలంటే కోళ్ళ సంగతి చెప్పాలి. తాలూకా ఆఫీసు నుంచి రెవెన్యూ ఇన్స్పెక్టరు వస్తే మా ఇంట్లో భోజనం. రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనగ్గింజలతో నూరిన ఊరుబిండి పచ్చడి, పోయేటప్పుడు బుట్టనిండా మామిడికాయలు, ఒక దిమ్మ బెల్లం. బెల్లం మాది, మామిడికాయలు మావి, కోళ్ళు మాత్రం మావి కావు. తలారి ఊళ్ళోకి పోయి ఎవరి వాకిట్లో కోడి బలిసి ఉంటే దాన్ని పట్టుకుని వచ్చేవాడు. ఎవరూ నోరు మెదిపేవాళ్ళు కారు. మునసబు ఇంటికి పోయిన కోడి కదా.

నేనూ చిన్నాయన కూతురూ ఒక పని కనిపెట్టాం. ఇన్స్పెక్టరు సైకిలు మలుపులో కనపడగానే పెరటి సందుల్లోంచి పరుగెత్తి, "వస్తాండాడు, కోళ్ళను మూసేయండి!" అని ఇల్లిల్లూ చెప్పి వచ్చేవాళ్ళం. ఆడవాళ్ళు గబగబా గంపలు బోర్లించేవాళ్ళు. మాకు కూలిగా ఉడకబెట్టిన చెనక్కాయలు, ఒక్కోసారి బొరుగుల ఉండ. తలారి ఊరంతా తిరిగి వట్టి చేతులతో వచ్చి, "కోళ్ళకు తెగులు తగిలినట్టుంది రెడ్డీ, ఒకటీ కనబడలే," అనేవాడు. మమ్మల్ని చూసి కన్ను గీటేవాడు. ఆయనకు అంతా తెలుసు. మా ఇంట్లో ఆయన్ను తాతా అని పిలవనిచ్చేవాళ్ళు కాదు, ఆయనకూ మా తాతకూ ఒకే వయసు అయినా. ఆయన మా గడప ఏనాడూ దాటలేదు. దాన్ని ఎవరూ అన్యాయం అనుకోలేదు, అది కూడా ఆ ఏర్పాటులో భాగమే.

తాతకు చెవులు మందగించాయి, చూపు తగ్గింది. ఇక పెద్దకొడుక్కి వదిలేస్తానని అర్జీ పెడతానన్నాడు. అప్పుడే చిన్నాయన పంపకాలు అడిగాడు. ఆయన్ను తప్పుపట్టలేను. రెక్కలు ముక్కలు చేసుకుని చెరుకు పండించింది ఆయన. మునసబీ ఎట్లాగూ అన్నకే పోతుంది. తన గతేమిటని అడగడంలో తప్పేముంది?

పెద్దమనుషులు మా వసారాలో కూర్చున్న ఆ మధ్యాహ్నం నేను గానుగ దగ్గరినుంచి అరిటాకులో వేడిబెల్లం పెట్టుకుని, వేళ్ళు నాకుతూ ఇంట్లోకి వచ్చాను. వంటింటికీ వసారాకీ మధ్య తలుపు వెనక అమ్మ నిలబడి ఉంది. ఒక చెయ్యి గొళ్ళెం మీద ఉంది. రెండో చేత్తో నన్ను దగ్గరికి లాక్కుంది, మాట్లాడొద్దన్నట్టు.

మా ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉండేది. పెద్దమనుషులు కూర్చున్నప్పుడు ఆడవాళ్ళు బయటికి రారు. ఏదైనా చెప్పాలనుకుంటే తలుపు వెనకనుంచి గొళ్ళెం కదిలించి చప్పుడు చేస్తారు. మొగుడు అది విని, నీళ్ళు తాగి వస్తానని లేచి లోపలికి పోతాడు. ఆమె చెప్పేది విని, బయటికి వచ్చి ఆ మాటను తన మాటగా చెబుతాడు. ఊళ్ళో ఎన్నో పెళ్ళిళ్ళు, ఎన్నో పంపకాలు ఆ గొళ్ళెం మీదనే కుదిరాయి, ఆగిపోయాయి. బయట కూర్చున్న పెద్దమనుషులకూ అది తెలుసు. తెలియనట్టు ఆకూవక్కా వేసుకుంటారు.

వాళ్ళలో పెద్దాయన నాయనను అడిగాడు. "పెద్దోడా, రెండు దార్లుండాయి. మునసబీని లెక్కలోకి తీసుకోకుండా సేండ్లూ తోపూ సగం సగం సేసేది ఒకటి. ల్యాకుంటే మునసబీనే ఒక పాలుగా ఎంచి నువ్వు తీసుకునేది, బావికింద మడీ, మామిడి తోపూ, గానుగా నీ తమ్మునికి ఇడిసేది. నీకు ఇంట్లో సగం, గుట్ట పక్క మెట్ట సేను వస్తాయి. ఏమంటావబ్బా?"

చిన్నాయన తల వంచుకుని కూర్చున్నాడు. "అన్న మునసబయితే ఊరంతా అన్న మాట మిందే ఉంటాది. నాకు మట్టి తప్ప ఏమి మిగుల్తాది? నాకు మట్టే ఇయ్యండి," అన్నాడు.

అప్పుడు అమ్మ గొళ్ళెం కొట్టింది.

నాయన వీపు మాకు కనిపిస్తూనే ఉంది. లేవలేదు. అమ్మ కాసేపు ఆగి మళ్ళీ కొట్టింది, ఈసారి గట్టిగా. నా చేతిలో ఆకు కదిలింది. నాయన భుజం మీది తుండుగుడ్డ సర్దుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"మునసబీ సాలు నాకు," అన్నాడు.

పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాత మాత్రం కొడుకు తన మాట నిలబెట్టినట్టు మీసం దువ్వుకున్నాడు. అమ్మ గొళ్ళెం వదిలేసి పొయ్యి దగ్గరికి పోయింది. బయట కూర్చున్నవాళ్ళకు సంగటి కెలకాలి కదా. కెలుకుతూనే ఉంది, ముద్దలు కట్టాల్సిన సమయం దాటిపోయినా కెలుకుతూనే ఉంది.

అందరూ తిని పోయాక నాయన వంటింట్లోకి వచ్చాడు. అమ్మ అడిగింది, "గొళ్ళెం కొట్టినా గదా. ఇనపల్యా?"

నాయన చెంబెత్తి నీళ్ళు తాగాడు. "ల్యా," అన్నాడు.

అమ్మ ఆయన మొహం వంక చూసింది. తర్వాత పొయ్యిలోకి చూస్తూ, "ఆ ఇంజను సప్పుడులో ఏమి ఇనపడతాది లే," అంది. ఆ మాట అక్కడితో అయిపోయింది.

నాయనకు ఉత్తర్వు వచ్చిన రోజు మా ఇంట్లో అలసంద వడలు, ఓళిగలు చేశారు. కాణిపాకం పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చారు. నాయన కొత్త చెప్పులు వేసుకుని చావడిలో తాత కూర్చునే చోట కూర్చున్నాడు. తలారి ఊరంతా తప్పెట కొట్టి చెప్పి వచ్చాడు. ఆ తర్వాతి కొద్ది నెలలు మా నాయన ఎంత సంతోషంగా ఉన్నాడో చెప్పలేను. ఆయన పళ్ళు కనబడేటట్టు నవ్వడం నేను ఆ కాలంలోనే చూశాను. మంచి మునసబు అనిపించుకోవాలని ఆయనకు ఆశ. మొట్టమొదట కోళ్ళు మానిపించాడు. ఇన్స్పెక్టరు వస్తే అమ్మ పెంచుకునే పెట్టనే కోయించాడు. వాయిదా అడిగినవాళ్ళను నిలబెట్టకుండా కూర్చోమనేవాడు. వాళ్ళకు కూర్చోవడం చేతకాక గోడకు ఆనుకునేవాళ్ళు. మాకు మాత్రం చెనక్కాయల కూలి పోయింది. నేనూ చిన్నాయన కూతురూ ఆయన మంచితనాన్ని బాగా తిట్టుకున్నాం.

అమ్మ కూడా ఆ రోజుల్లో కొంచెం మెత్తబడింది. ఇంట్లో సగం మాదే, గౌరవం ఉంది, మెట్ట చేను ఉంది, ఎట్లాగో గడుస్తుందిలే అనుకున్నట్టుంది. ఒక ఆదివారం చిన్నాయన తోపులో కాయలు కోస్తుంటే గోడమీద నుంచి చూస్తూ, "పోయినేటి మన కాయలకంటే పెద్దయినాయి," అంది. అవి మన కాయలే కదా అని నేను అన్నాను. "కాదులే," అంది.

అట్లా ఉండగా ఒక రోజు రేడియోలో మధ్యాహ్నం వార్తలు వస్తున్నాయి. నాయన వసారాలో కూర్చుని చెవిలో గుబిలి తీసుకుంటున్నాడు. వార్తలు చదివేవాడు వర్షాల గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు, రాష్ట్రంలో గ్రామ మునసబు, కరణం ఉద్యోగాలన్నీ రద్దు చేశారని. నాయన లేచి రేడియోను చేత్తో తట్టాడు, అది తప్పు చెప్పినట్టు. సాయంత్రం కరణం గారు పంచె ఎగ్గట్టుకుని పరుగున వచ్చాడు. పాపం, ఆయనకు నలుగురు ఆడపిల్లలు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అమ్మ కాఫీ ఇచ్చింది. అది చల్లారిపోయింది.

కొద్ది రోజులకు తాలూకా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మునసబు, కరణం తమ దగ్గరున్న రికార్డులన్నీ అప్పగించాలి. నాయన ఆ కాగితాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. తర్వాత తలారిని పిలిపించాడు.

"దీన్ని దండోరా ఎయ్యాల," అన్నాడు.

తలారి వాకిట్లో నిలబడి విన్నాడు. "ఇది నేను సెప్పలేను రెడ్డీ. రేడియోలో అందురూ ఇన్నారు గదా."

"రేడియోలో సెప్పింది ఊరికి సెప్పినట్టు కాదు. సర్కారు ఉత్తరువు వస్తే మునసబు దండోరా ఎయ్యించాల. అది పద్ధతి."

"ఆ కాయితం ప్రకారం మునసబే లేడు గదా రెడ్డీ. మల్ల నాకు సెప్పమన్నెది ఎవురు?"

నాయన కాసేపు కాగితం వంక, కాసేపు తలారి వంక చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ పొద్దు పొద్దుగూకేదాకా ఉంటానబ్బా. ఇది ఒక్కటి సెప్పేసి రా. నువ్వొచ్చినాక పోతాను."

తలారి తువాలుతో మొహం తుడుచుకుని తప్పెట అందుకున్నాడు. మా వాకిట్లోనే మొదలుపెట్టాడు. "ఇనండయ్యా ఇనండి! సర్కారోళ్ళ ఉత్తరువు! ఈ పొద్దు నించి మన ఊరికి మునసబు ల్యాడు, కరణం ల్యాడు! శిస్తు యాడ కట్టాల్నో మల్ల సెప్తారంట!"

నాయన గుంజ పట్టుకుని నిలబడి విన్నాడు. ఒక్క మాట తప్పు పోకుండా సరిచూసుకున్నట్టు, తలారి ఒక్కో మాట అన్నప్పుడల్లా తల ఊపాడు. లోపల మంచం మీద తాత లేచి కూర్చున్నాడు. ఆయన చెవులకు తప్పెట అందుతుంది గానీ మాటలు అందవు.

"ఏం దండోరా రా అది?"

నాయన ఆయన చెవి దగ్గరికి వంగాడు. "శిస్తు కట్టమని నాయనా."

"గట్టిగా సెప్పమను. ఈ నాకొడుకులకు మెత్తగా సెప్తే ఎక్కదు," అని తాత మళ్ళీ పడుకున్నాడు. ఆయన మరుసటేడు పోయాడు. కొడుకు మునసబుగా ఉన్నాడనే అనుకుంటూ పోయాడు. మా వంశంలో సుఖపడింది ఆయనొక్కడే.

ఊళ్ళో ఎవరూ ఏడవలేదు. అది కూడా రాయాలి. దండోరా వింటున్న ఒక ముసలామె తన గంప ఎత్తి కోళ్ళను బయటికి తోలుతూ, "అమ్మయ్య, ఇంక మూసే పనిల్యా," అంది. పక్కవాళ్ళు నవ్వారు. నేను అక్కడే ఉన్నాను. నా చేతికి చెనక్కాయలు పెట్టిన మనిషే ఆమె. కోళ్ళు మానిపించింది మా నాయనేనని చెప్పాలనుకున్నాను, కానీ ఏం లాభం? పోయిన కోళ్ళు ఆమెకు లెక్క, పోకుండా ఆగిన కోళ్ళు కాదు.

రికార్డులు తీసుకుపోవడానికి జీపు వచ్చింది. మునసబూ కరణమూ పోయారు గానీ తలారులను మాత్రం సర్కారు ఉంచింది. కట్టలు మోసి జీపులో పెట్టింది మా తలారే. ఒక్కో కట్ట తీసినప్పుడల్లా చావడి గోడమీద తెల్లటి మచ్చ బయటపడింది. ఆ తర్వాత చావడికి తాళం వేశారు. గబ్బిలాలు మిగిలాయి.

అప్పుడే మా నాయన లేచి గుట్ట పక్క మెట్ట చేనులోకి నడిచి ఉంటే మా కథ వేరుగా ఉండేదేమో. ఆయన నడవలేదు. మునసబులూ కరణాలూ సంఘం పెట్టుకున్నారు. కోర్టుకు పోతున్నాం, ఇంకో ఆర్నెల్లలో మనది మనకు వస్తుంది అన్నారు. నాయన చిత్తూరు పోయాడు, హైదరాబాదు పోయాడు. ఎన్నికలు వస్తే ఈసారి ఈ పార్టీవాళ్ళు ఇచ్చేస్తారన్నాడు. వాళ్ళు గెలిచారు, ఇవ్వలేదు. పోయే ప్రతిసారీ ఇంట్లోంచి ఏదో ఒకటి పోయేది. ఎద్దులు పోయాయి, అమ్మ కమ్మలు పోయాయి, మెట్ట చేనులో పైముక్క పోయింది. తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మునసబు పని చేయడానికి పరీక్ష రాసిన కుర్రవాడు మోటారు సైకిలు మీద వచ్చాడు. చాలా ఏళ్ళకు, పాతవాళ్ళలో చదువున్నవాళ్ళను మళ్ళీ తీసుకుంటామన్నారు. నాయన తెల్ల చొక్కా వేసుకుని పోయాడు. పదో తరగతి లేదని తిప్పి పంపారు. ఆ రోజు ఇంటికి వచ్చి తాత పటం ముందు నిలబడ్డాడు. ఏమైనా అంటాడేమో అనుకున్నాను. దండలో ఎండిన పూవు ఒకటి తీసేసి వెనక్కి వచ్చాడు.

అమ్మ చిన్నాయన చేలోకి కూలికి పోయింది. తనది కావాల్సిన మడిలో చెరుకు నరికింది, తనది కావాల్సిన తోపులో కాయలు ఏరింది. చిన్నాయన చెడ్డవాడు కాదు. మొదటి రోజు ఆమెను కూలివాళ్ళ వరసలో చూసి గట్టుమీద కూలబడ్డాడు. "వదినా, నా పరువు తీయొద్దు. ఇంటికి కావల్సింది తీసుకోని పో, నీకు ఈ పని వద్దు," అన్నాడు. "పని సెయ్యకుండా తీసుకుంటే అడుక్కున్నట్టు అవుతాది అబ్బయ్యా," అంది అమ్మ. ఆ సాయంత్రమే ఆయన మా వసారాలోకి వచ్చి, బావి కింద సగం మడి రాసిస్తాను తీసుకో అన్నా అని నాయన చేతులు పట్టుకున్నాడు.

నాయన చేతులు విడిపించుకున్నాడు. "పెద్దమనుషుల్లో సెప్పిన మాట. నేనే తప్పితే ఇంక మునసబుని ఎట్లయితానబ్బా?"

అప్పటికి చావడి తాళానికి తుప్పు పట్టి ఉంది. లోపల అమ్మ చేతులకు గుచ్చుకున్న చెరుకు నూగు గీకుకుంటోంది. ఆమె ఆ మాట విన్నది. గొళ్ళెం ముట్టుకోలేదు.

ఊళ్ళో ఆడవాళ్ళు అమ్మను అడిగేవాళ్ళు. ఆ పొద్దు నువ్వొక మాట చెప్పి ఉండకూడదా, గొళ్ళెం కొట్టకూడదా అని. చెనక్కాయలు ఒలుస్తూ ఈ మాట ఎన్నిసార్లు వచ్చిందో. అమ్మ ప్రతిసారీ ఒకటే చెప్పేది. "కొట్టినానుమే. గానుగ ఇంజను ఆడతాండె. పాపం ఆయనకు ఇనపల్యా. ఇనుంటే లేసి వచ్చుండు." వాళ్ళు అయ్యో అనేవాళ్ళు. ఇంజనును తిట్టేవాళ్ళు. అలా మా నాయన ఊళ్ళో ఒక ముక్క మర్యాదతో బతికాడు. తెలివి తక్కువవాడు కాదు, దురదృష్టవంతుడు అనిపించుకున్నాడు. నేను కూడా ఆ ఇంజనును చాలా ఏళ్ళు ద్వేషించాను.

తిరుమల కొండ బస్సు నడిపే ఆయనకు నన్నిచ్చి చేశారు. తిరుపతికి వచ్చేశాను. అమ్మ ఊళ్ళోనే పోయింది. చివరి దాకా పని చేసింది, చివరి దాకా ఇంజను మాటే చెప్పింది. ఆమె పోయాక నాయనను నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఆయన బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పొద్దున ఆటో వచ్చి పన్ను కట్టమంటే, "ఎవురు పంపినారు దీన్ని? కింద పేరు సెప్పకుండా దండోరా ఏందిది?" అని గొణుక్కునేవాడు. మా ఆయన నవ్వేవాడు. నేను నవ్వలేకపోయేదాన్ని.

మా పక్కనే అపార్టుమెంటు కడుతున్న రోజులు. సిమెంటు కలిపే మిషను పొద్దున మొదలైతే చెవులు చిల్లులు పడేవి. ఒక మధ్యాహ్నం కూలీలు అన్నాలకు పోయి మిషను ఆపారు. నేను నాయన పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. ఆయన ఉన్నట్టుండి అన్నాడు.

"ఆ పొద్దు ఇంజను ఆడలేదుమే."

"ఏ పొద్దు నాయనా?"

"పంపకాల పొద్దు. పెద్దమనుషులు కుచ్చోని మాట్లాడతాంటే సప్పుడెందుకని నేనే పోయి ఆపమంటి." నా వైపు చూడలేదు. కింద ఇసుక కుప్ప వంక చూస్తున్నాడు. "మీయమ్మ గొళ్ళెం కొట్టింది ఇనపడింది. రెండు తూర్లూ ఇనపడింది. లేసి లోపలికి పోతే సేను అడగమంటాది, నాకు తెలుసు. పోతే ఆమె మాట ఇనాల్సి వస్తాది. అందుకే లేయలే."

"అమ్మకు ఎప్పుడైనా చెప్పినావా?"

"యాడ సెప్పేది? ఆమె ఇంజను సప్పుడని నమ్మె. పోనీలే, నమ్మనీ అనుకుంటి." ఇసుక కుప్ప వంక చూస్తూనే, "దానికి తెలియకుండా పోయింది. అదొక్కటే నాకు నిమ్మళం," అన్నాడు.

నా మనసు ఆ మధ్యాహ్నానికి పోయింది, అరిటాకులో వేడిబెల్లంతో ఇంట్లోకి వస్తున్న పిల్ల దగ్గరికి. ఆడుతున్న గానుగను వదిలిపెట్టి ఇంటికి వచ్చే పిల్ల ఎవరైనా ఉంటుందా? ఇంజను ఆపేశారు కాబట్టే నేను వచ్చాను. ఆ ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. వసారాలో పెద్దాయన వక్క కొరికిన చప్పుడు కూడా తలుపు వెనకకు వినిపించింది. నాకు వినిపించింది అంటే, నన్ను పొట్టకు అదుముకుని తలుపుకు చెవి ఆనించి నిలబడ్డ అమ్మకు వినిపించదా? ఇంజను ఆడలేదని అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆమె. ఆ రోజు పొయ్యిలోకి చూస్తూ ఆ అబద్ధాన్ని ముందు అన్నది ఆమే. నాయన దాన్ని పట్టుకుని బతికాడు. ఆమె చెరుకు నరుకుతూ, కాయలు ఏరుతూ, ఊరి ఆడవాళ్ళందరికీ దాన్నే చెప్పుకుంటూ పోయింది. ఆ పొద్దు వసారాలో ఉన్న పెద్దమనుషులు ఎప్పటిలాగే తెలియనట్టు ఆకూవక్కా వేసుకున్నారు.

ఇది నాయనకు చెప్పలేదు. ఆయనకు మిగిలిన ఆ ఒక్క నిమ్మళం కూడా తీసుకోవడానికి నాకు నోరు రాలేదు. ఆ ఏడే ఆయన పోయాడు.

రేపు పొద్దున మళ్ళీ ఆటో వస్తుంది, ఎవరు పంపారో చెప్పని ఆ గొంతు మళ్ళీ పన్ను అడుగుతుంది. మా ఫ్లాటు తలుపుకు గొళ్ళెం లేదు, గంట ఉంది. అయినా మధ్యాహ్నం వీధిలో ఎక్కడైనా మిషను ఆగితే నా చెవి తలుపు వైపే పోతుంది. ఆ పొద్దు అమ్మ గొళ్ళెం కొట్టిన చప్పుడు అందరం విన్నాం. లేచి రావాల్సింది ఒక్కడే, ఆయన రాలేదు.